రెక్కలు రాలిన చోటు

చీమల విషయంలో నన్ను మించినవాడు ఈ భూమ్మీద లేడు. గొప్ప కోసం చెప్పడం లేదు, ఉన్నమాట. దారిన పోయే చీమను చూపించండి, అది రాణో, పని చీమో, కాపలా చీమో, మగదో, నిలబడ్డ చోటునుంచి కదలకుండా చెప్పేస్తాను. కావాలంటే పుట్టలో ఎవరితో పోట్లాడి బయటికొచ్చిందో కూడా చెబుతాను. మా ఊరి బడిలో చదివేటప్పుడు గండుచీమలు ఒకసారి నా పలక ఎత్తుకుపోయాయి. వెంటపడ్డాను. పుట్ట దగ్గర రాణి చీమ స్వయంగా బయటికొచ్చి, పలక మీద నేను రాసిన ఏడో ఎక్కం మొదటినుంచి చివరిదాకా చదివి, మొహం చిట్లించి, పలక అక్కడే వదిలేసి లోపలికి పోయింది. మేష్టారికి చెబితే నమ్మలేదు. ఎక్కంలో తప్పు మాత్రం నిజంగానే ఉంది.

ఇంత అనుభవం ఉన్నవాణ్ని కనుకనే, ఆ వానాకాలం మొదటి జల్లు పడ్డ మర్నాడు నా మనవరాలు ఒక గాజు సీసాలో చీమను వేసుకొచ్చి "తాతా, ఇది రాణేనా?" అని అడిగితే, కళ్లజోడు కూడా వెతుక్కోకుండా తీర్పు ఇచ్చేశాను.

"రాణే! అందులో సందేహమే లేదు!"

గట్టిగా అరిచాను. ఆ అరుపు పిల్ల కోసం కాదు. వెనక గదిలో గోడవైపు తిరిగి పడుకున్న మా చిన్నాడి చెవిన పడాలని.

ఆ ఏడు ఎండలు ముదురుతుండగా మా పెద్దాడు పోయాడు. జ్వరమని ఆస్పత్రికి తన కాళ్లమీద నడిచి వెళ్లినవాడు అలా తిరిగి రాలేదు. పెళ్లి చేసుకోలేదు, మాతోనే ఉండేవాడు. అన్నదమ్ములిద్దరిదీ ఒకటే షాపు, బస్టాండు పక్కన, గడియారాల రిపేరు. ఒకే బల్ల, అటొకడు ఇటొకడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇద్దరూ కలిపి మాట్లాడే మాటలు "పట్టకారు ఇలా ఇవ్వు" తప్ప ఇంకోటి ఉండేది కాదు. పెద్దాడు పోయాక చిన్నాడు షట్టరు దించి వచ్చి మంచమెక్కాడు. ఎండలు పోయి వానలొచ్చినా దిగలేదు. స్నానానికి లేస్తాడు, కంచం ముందు కూర్చుంటాడు, మళ్లీ గోడే. ఉలుకూ పలుకూ లేదు.

మా కోడలు ముందుగదిలో బట్టలు కుడుతూ, ప్రతి కుట్టుకీ ఒకసారి లేచి తలుపు సందులోంచి తొంగి చూసేది. కాసేపటికి నేను చూసేవాణ్ని. బడినుంచి రాగానే పిల్ల చూసేది. ఏం చూస్తున్నామో ఎవరమూ పైకి అనుకోలేదు. ఒకరోజు ఆ గది తలుపుకి లోపలివైపున్న గడియ నేనే ఊడదీసి తెచ్చి కోడలి చేతిలో పెట్టాను. ఎందుకని తను అడగలేదు. తన మిషన్ డ్రాయర్లో వేసుకుంది.

అలాంటి ఇంట్లోకి వచ్చింది ఆ చీమ.

నా మనవరాల్ని నేను గునపం అంటాను. ఏ విషయమైనా తవ్వకుండా వదలదు కాబట్టి. వాళ్ల టీచరు చెప్పిందట: వాన పడగానే పుట్టల్లోంచి రాణులు ఎగిరి బయటికొస్తాయి, జతకట్టాక ఒక్కో రాణీ నేలమీద వాలి, ఒక్కతే ఒక మూల దూరి, తిండి తినకుండా గుడ్లు పెట్టి, పిల్లల్ని పెంచి, మొత్తం కొత్త పుట్టనే లేపుతుంది. అలాంటి రాణిని ఒకదాన్ని పట్టుకుంటే చాలు, సీసాలో పుట్ట పెట్టొచ్చు.

"మావయ్యా, ఇంట్లో ఉన్న చీమలు చాలవా?" అంది కోడలు మిషన్ ఆపకుండా. "చక్కెర డబ్బా ఎక్కడ దాచాలో తెలియక నేను చస్తుంటే, మీరు రాణిని తెచ్చి కాపురం పెట్టిస్తున్నారా?"

"రాణి వస్తే మన ఇల్లు కోట అవుతుందమ్మా. నువ్వు కుట్టే లంగాలకి రేపట్నుంచి రేటు పెంచొచ్చు."

"ముందు ఆ సీసా నా గుడ్డలమీంచి తీయండి."

తీశాను. తీసి నేరుగా చిన్నాడి తలాపున స్టూలు మీద పెట్టాను. "రాణులకి చీకటీ నిశ్శబ్దమూ కావాలిరా. మన ఇంట్లో ఆ రెండూ ఈ గదిలోనే దొరుకుతున్నాయి" అన్నాను. వాడు కదల్లేదు. పోనీలే, చీమా కదల్లేదు, ఇద్దరికీ జోడు కుదిరిందనుకున్నాను.

గునపం రోజూ బడినుంచి రాగానే గదిలోకి పిల్లిలా వెళ్లి గుడ్ల కోసం చూసేది. లేవు. "ఇవాళ పెడుతుందే" అని నేను. "నిన్నా అదే అన్నావు" అని అది. "రాజ కుటుంబాల్లో ముహూర్తం చూసుకుంటారు." "తాతా, నీకసలు తెలుసా?" అలా వాదించుకుంటూ ఉంటే ఒక సాయంత్రం గోడవైపునుంచి ఒక గొంతు వచ్చింది. చాలాకాలం వాడకుండా ఉంచిన గొంతు, బొంగురుగా.

"అది రాణి కాదు."

ఇద్దరం బిగుసుకుపోయాం.

"తల చూడు" అన్నాడు చిన్నాడు, ఇటు తిరక్కుండానే. "ఒళ్లంతా తలే. వీపు చూస్తే దారంలా ఉంది. రాణి ఒకప్పుడు ఎగిరిందన్నావు కదా. ఎగరాలంటే రెక్కలాడించే యంత్రమేదో వీపులో ఇమడాలి. అందులో చోటేదీ? గోడగడియారం స్ప్రింగు తెచ్చి చేతిగడియారంలో పెడతానంటే పడుతుందా?"

"మరి ఇదేమిటి నాన్నా?"

"కాపలాదో ఏదో. వదిలేయండి దాన్ని. గుడ్లు పెట్టు గుడ్లు పెట్టు అని ఎన్నాళ్లు కూర్చోబెడతారు పాపం."

అదండీ నా చీమల పాండిత్యం. బోడి కాపలా చీమకి కిరీటం పెట్టి, స్టూలు మీద కూర్చోబెట్టి, ముహూర్తాలు చూసిన ఘనుణ్ని నేను. మూడు పూటలా దాని ముందు వంగి చూసింది నేను, మంచం మీద పడుకుని ఓరకంట చూసినవాడు వాడు. అయినా కనిపెట్టింది వాడే. ఇంత హాయిగా నేను జన్మలో ఎప్పుడూ ఓడిపోలేదు. ముందుగదిలోకి వెళ్లి కోడలికి చెబుదామంటే, తను అప్పటికే వినేసినట్టుంది. తల వంచుకుని మిషన్ గబగబా తొక్కుతోంది. దగ్గరికెళ్లి చూస్తే సూది కింద గుడ్డ లేదు.

*

మళ్లీ గట్టి వాన కోసం కాచుకుని కూర్చున్నాం. పడింది. తెల్లారగానే నేనూ గునపమూ వీధిలో వంగుని వంగుని నడవడం మొదలుపెట్టాం. ఎదురింటాయన పళ్లు తోముకుంటూ "ఏం పారేసుకున్నారు పెద్దాయనా?" అన్నాడు. "మా రాణీగారు తప్పిపోయింది, మీ వాకిట్లోకేమైనా వచ్చిందా?" అన్నాను. ఆయన నురగ మింగేశాడు.

రెండు దొరికాయి. ఒకటి రెక్కలున్నది, సన్నటిది. రెండోది రెక్కల్లేనిది, బొద్దుగా, గోడవారనే పరిగెడుతూ సందు కోసం వెతుక్కుంటోంది. ఈసారి నేను నోరు మూసుకున్నాను. రెండు సీసాలూ తీసుకెళ్లి చిన్నాడి ముందు పెట్టాం. వాడు మంచం మీద లేచి కూర్చుని, సీసా వెలుగుకేసి తిప్పి, కళ్లు చికిలించాడు.

"కనబడదు. అద్దం కావాలి."

అద్దమంటే గడియారాల వాళ్లు కంటికి బిగించుకునే భూతద్దం. అది షాపులో ఉంది. షాపు అన్న మాట ఇంట్లో ఎవరం ఎత్తి చాలా రోజులైంది.

"తాళమిస్తే నేను తెస్తానురా" అన్నాను.

"మీకు దొరకదు" అని, కాసేపు కాళ్లకేసి చూసుకుని, చెప్పుల కోసం మంచం కింద తడుముకున్నాడు. ఒక చెప్పు గునపం అందించింది. రెండోది ఎక్కడుందో ఇంటిల్లిపాదీ వెతకాల్సొచ్చింది.

షట్టరు తుప్పు పట్టి మొరాయించింది. వాడూ నేనూ చెరో చివరా పట్టుకుని లాగాం. సగం లేచి ఆగిపోతే వంగుని దూరాం. లోపల నూనె వాసన, తడి వాసన. షాపంటే షాపు కాదు, ఒక పెద్ద బీరువా అనుకోండి. ఇద్దరు మనుషులు పక్కకి తిరిగితేగాని పట్టరు. పెద్దాడి స్టూలు దారికి అడ్డంగా ఉంది, వాడు చివరిసారి లేచినప్పుడు ఎలా వెనక్కి నెట్టాడో అలాగే. కాలితో తోస్తే పక్కకి పోతుంది. చిన్నాడు తొయ్యలేదు. బల్లకీ గోడకీ మధ్య పొట్ట బిగబట్టి, స్టూలు చుట్టూ తిరిగి, తన చోటుకి వెళ్లాడు. అద్దం తీసి గుప్పిట్లో పెట్టుకుని, మళ్లీ అలాగే చుట్టూ తిరిగి వచ్చాడు.

"కాసేపు కూర్చుందామట్రా?" అన్నాను.

"వద్దు నాన్నా."

ఇంటికొచ్చాక కిటికీ దగ్గర కూర్చుని అద్దం కంటికి బిగించాడు. ముందు రెక్కలున్నదాన్ని చూశాడు. "తల బొత్తిగా చిన్నది. కళ్లే కనబడుతున్నాయి. ఇది మగది."

"అయితే మా టీచర్ చెప్పారు, మగవి ఎన్నాళ్లో బతకవట" అంది గునపం. "జతకట్టాక చచ్చిపోతాయట. అంతే వాటి పని."

గునపం నాలుక కరుచుకుని నాకేసి చూసింది. నేను కిటికీలోంచి బయటికి చూశాను.

చిన్నాడు రెండో సీసా తీసుకున్నాడు. చీమను తడి దూది మీదికి ఎక్కించి, చాలాసేపు చూశాడు. చూస్తూ చూస్తూ ఊపిరి తీయడం మానేశాడా అనిపించింది నాకు.

"వీపు చూడు ఎలా ఉబ్బి ఉందో. ఇదీ యంత్రం పట్టే వీపు. దానికి అటు రెండు, ఇటు రెండు మచ్చలున్నాయి. గడియారం ముల్లు పీకేస్తే అక్కడొక గుర్తు ఉండిపోతుంది చూడు, అలా. రెక్కలు రాలిన చోటు."

"ఎవరు పీకారు నాన్నా?"

"తనే తుంచుకుందేమోనే."

"ఔను! టీచర్ చెప్పారు. ఇంక ఎగిరే పని లేదు కదా, అందుకని. ఆ వీపులో ఉన్న కండ కరిగించుకునే బతుకుతుందట, పిల్లలు పుట్టేదాకా."

కోడలు ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. "నన్నోసారి చూడనిస్తారా?" అంది. చిన్నాడు అద్దం ఇచ్చాడు. తనకి కంటికి బిగించుకోవడం చేతకాక, రెండు చేతులతో పట్టుకుని చూసింది. చూసి, "నొప్పి పుట్టదా?" అని మాత్రం అడిగి వెళ్లిపోయింది.

*

మందుల షాపాయన ఒక గాజు గొట్టం ఇచ్చాడు. అడుగున నీళ్లు పోసి, దూది బిరడా కుక్కి, రాణిని వదిలి, పైన ఇంకో దూది పెట్టి, నల్లగుడ్డ చుట్టి చిన్నాడి స్టూలు మీద పెట్టాం. ఈసారి మోసం లేదు. కొన్నాళ్లకే గుడ్లు కనిపించాయి, ఉప్పు రేణువుల్లా తెల్లగా, ఒక ముద్దగా. గునపం అరిచిన అరుపుకి ఎదురింటాయన మళ్లీ ఏదో మింగి ఉంటాడు.

చిన్నాడు మనిషయ్యాడు. గడ్డం గీసుకున్నాడు. కంచం ముందు కూర్చుని ఉప్పు తక్కువైందన్నాడు. కోడలు ఆ రోజు ఉప్పు డబ్బా తెచ్చి వాడి ముందు పెట్టి, వెనక్కి తిరిగి కళ్లు తుడుచుకుంది.

అయితే గడియారాలవాళ్లకి ఒక జబ్బుంది. బాగుచేసిన గడియారాన్ని వెంటనే ఇచ్చేయరు. గోడకున్న మేకుకి తగిలించి, పొద్దున ఒకసారి, మధ్యాహ్నం ఒకసారి, సాయంత్రం ఒకసారి చూస్తారు, ముందుకి పోతోందా వెనక్కి పోతోందా అని. నిద్రలో కూడా చూస్తారు. మావాడు రాణినీ అలాగే చూడ్డం మొదలెట్టాడు. గుడ్డ విప్పడం, వెలుగుకి తిప్పడం, అద్దం పెట్టడం, గుడ్డ చుట్టడం. ఇంకో పది నిమిషాలకి మళ్లీ.

"నాన్నా, దాన్ని కదపొద్దన్నారు టీచర్."

"చూడకపోతే ఎలా ఉందో ఎలా తెలుస్తుందే?"

ఒక పొద్దున్న గుడ్డ విప్పేసరికి గుడ్లు లేవు. గొట్టంలో ఏ మూలా లేవు. రాణి ఒక్కతే ఉంది, మీసాలు తుడుచుకుంటూ.

"తినేసింది" అంది గునపం, ఏడుపు గొంతుతో. "భయపడితే తినేస్తాయట. చెప్పాను కదా నాన్నా. చెప్పాను కదా!"

చిన్నాడు అద్దం తీసి స్టూలు మీద పెట్టాడు. గుడ్డ చుట్టాడు, ఎప్పటిలాగే జాగ్రత్తగా. పడుకుని గోడవైపు తిరిగాడు.

వాన ఆగకుండా పడుతోంది. నేను వాడి పక్కన కూర్చుని, మా చిన్నప్పుడు ఒక చీమ ఏనుగు మీద కేసు పెట్టిన కథ ఎత్తుకున్నాను. సాక్షుల దాకా వచ్చేసరికి "నాన్నా, ఊరుకోండి" అన్నాడు. ఊరుకున్నాను. పెరట్లోకి వెళ్లి నీళ్ల తొట్టి గట్టు మీద కూర్చున్నాను. నాకు కథలు ఆపడం మంచిది కాదు. ఆపితే పెద్దాడు వచ్చి పక్కన కూర్చుంటాడు.

మర్నాడు కోడలు పొద్దున్నే మిషన్ మీద గుడ్డ పక్కకి తోసి, నేరుగా గదిలోకి వెళ్లి కిటికీ తలుపులు బార్లా తీసింది. నేను తలుపు సందు దగ్గర ఉన్నాను, నా వంతు కాబట్టి.

"అది బతికే ఉందా?" అంది.

"ఉంది" అన్నాడు గోడతో.

"మళ్లీ పెడుతుందా?"

"ఏమో."

"అయితే దాన్ని ఇంక చూడకండి. మావయ్యా, మీరూ లోపలికి రండి, సందులోంచి ఎందుకు?"

తప్పు చేసినవాడిలా లోపలికి వెళ్లాను.

"మీరు మంచమెక్కింది మొదలు మేం ముగ్గురం వంతులేసుకుని మిమ్మల్ని తొంగి చూస్తున్నాం. మీకు తెలుసు కదా?"

"తెలుసు" అన్నాడు.

"ఇవాళ్టినుంచి నేను చూడను. మావయ్య చూడరు. పిల్లా చూడదు. నాకు భయంగానే ఉంది. చెయ్యి పట్టుకుని చూడండి ఎలా వణుకుతోందో. అయినా చూడను." వాడు పట్టుకున్నాడో లేదో నేను చూడలేదు, తల దించుకున్నాను. "ఈ గొట్టం నా దగ్గరే ఉంటుంది. వానలు వెళ్లేదాకా ఎవరూ అడగొద్దు."

గొట్టం తీసుకెళ్లి మిషన్ డ్రాయర్లో గుడ్డ పీలికల మధ్య పెట్టింది. ఆ డ్రాయర్లోంచే గడియ తీసి నా చేతిలో పెట్టింది. "ఇది మళ్లీ బిగించండి మావయ్యా."

కోడలి మొహంలోకి చూశాను. తను కళ్లు దించలేదు. స్క్రూడ్రైవరు వెతుక్కుని తలుపు దగ్గర కూర్చున్నాను. మర తిరిగినట్టే తిరిగి జారిపోతోంది. ఒకటికి పదిసార్లు జారింది. వెనకనుంచి మంచం కిర్రుమంది.

"ఆ స్క్రూడ్రైవరు కాదు నాన్నా. చిన్నది కావాలి దానికి. ఇలా ఇవ్వండి."

మంచం కిందున్న పనిముట్ల డబ్బాలోంచి చిన్నది తీసి, నా పక్కన గొంతుక్కూర్చుని, గడియ వాడే బిగించాడు. బిగించి ఒకసారి వేసి తీసి చూశాడు. తీసే ఉంచాడు.

ఆ రోజంతా మిషన్ చుట్టూ తిరిగాడు. నీళ్లకని వస్తాడు, డ్రాయరుకేసి చూస్తాడు. కత్తెర కావాలంటాడు, కత్తెర ఎదురుగానే ఉంటుంది. కోడలు డ్రాయరుకి మోకాలు అడ్డం పెట్టుకుని కుడుతోంది. చివరికి విసుగెత్తి, "ఇంట్లో ఉంటే చూడకుండా ఉండటం నావల్ల కాదు" అని మేకునుంచి షాపు తాళాలు తీసుకున్నాడు. షట్టరు సగమే లేస్తే, దానికింద వంగుని దూరి, ఆ పూట అక్కడే కూర్చున్నాడు. మర్నాడూ వెళ్లాడు. ఒక బస్సు కండక్టరు తన గోడగడియారం తెచ్చి ఇచ్చాడట. తర్వాత షట్టరుకి నూనె వేశాడు. ఇదంతా నేను తొంగి చూసి చెప్పడం లేదు, ఇంటికొచ్చాక వాడు చెప్పిందే.

వానలు వెనకబట్టాక ఒక ఆదివారం పొద్దున కోడలు డ్రాయరు తీసింది. నలుగురం కిటికీ దగ్గర మూగాం. చిన్నాడు గుడ్డ విప్పాడు. గొట్టంలో రాణి పక్కన, నువ్వు గింజలో సగం కూడా లేని పిల్ల చీమలు, ఇంకా రంగు కూడా సరిగ్గా రానివి, వాళ్లమ్మ చుట్టూ తడబడుతూ తిరుగుతున్నాయి. గునపం ఎగిరి గంతేసింది. కోడలు నవ్వింది. కథ కంచికి చేర్చడానికి ఇంతకన్నా మంచి చోటు దొరకదు.

దొరకదు గనకే అలా చెప్పాను. చీమలు పుట్టలేదు. గొట్టంలో రాణి ఒక్కతే ఉంది, మీసాలు కదుపుతూ. గుడ్లు కూడా లేవు. మేం ముగ్గురం రాణిని చూడలేదు, వాణ్ని ఇక కనిపెట్టి చూడబోమని మాటిచ్చినవాళ్లమే అయినా, వాడి మొహమే చూశాం. వాడు అద్దం పెట్టుకుని తీరిగ్గా చూసి, "జత కుదరకుండానే రెక్కలు తుంచుకుందేమో పాపం" అన్నాడు. పెరట్లో తొట్టి పక్క తడిమట్టిలో దాన్ని వదిలాడు. అది సందు వెతుక్కుని వెళ్లిపోయేదాకా నిలబడి, చేతులు కడుక్కుని, "ఆ కండక్టరు గడియారం ఇవాళ ఇస్తానన్నాను" అంటూ చెప్పులు వేసుకుని షాపుకి వెళ్లిపోయాడు. అది జరిగింది. ఆ పిల్ల చీమలు మాత్రం నేను పుట్టించినవి.